ఏడో లాకు, పద్నాలుగో టేకు

ప్రమాణ స్వీకారానికి పదకొండు రోజులు. ఉదయం.

టేకుల పుస్తకంలో రిమార్కుల గడి రెండు వేళ్ళ వెడల్పు. "వాన ఎక్కువైంది", "మైకు తడిసింది" లాంటివి అందులో పడతాయి. ఈ రోజు నుంచి నా రిమార్కులు పట్టేలా లేవు, అందుకని వెనక పేజీల్లో రాస్తున్నాను. చట్టప్రకారం పుస్తకం మొత్తం దస్తావేజుల ఆఫీసుకి వెళ్తుంది. చదివేవాళ్ళు ఇవి కూడా చదువుతారు. చదవనీ.

నా పేరు మంగతాయారు. "వార్డు మెంబరు హైమావతి" సీరియల్‌కి టేకులు రాసే ఉద్యోగం. తీర సమాఖ్యకి అధ్యక్షురాలిగా ఎన్నికైన హైమావతి గారు ఇరవై ఆరేళ్ళ కిందట కొత్తలంకలో వార్డు మెంబరుగా ఎలా మొదలయ్యారన్నదే కథ. ఇరవై మూడు భాగాలు వచ్చేశాయి, జనం పీటలేసుకుని మరీ చూశారు. ఆఖరి భాగం ప్రమాణం ముందు రోజు సాయంత్రం రావాలి. అందులో ఒకటే పెద్ద సీను, ఏడో లాకు సీను.

ఆ కథ మా దగ్గర రెండో తరగతి పిల్లలకి కూడా వచ్చు. ఉప్పెన వస్తోంది. కాలవకి తూర్పున ఆస్పత్రి, మూడు వేల జనం. పడమటి వాడలో నలభై ఇళ్ళు. పడమటివాళ్ళు పడవలెక్కి ఏడో లాకు గుండా మెరకకి రావాలి. అక్కడ షట్టరు తిప్పే లస్కరు భయపడిపోయి, ఎవరూ చెప్పకుండానే షట్టరు దించేశాడు. ముప్ఫై ఒక్కమంది అవతలే పోయారు. ఆస్పత్రి దగ్గరున్న హైమావతి మొలలోతు నీళ్ళలో వచ్చి షట్టరు ఎత్తించి మిగిలినవాళ్ళని దాటించింది. అక్కణ్ణించి ఆవిడ వెనక్కి తిరిగి చూసుకోలేదు. లస్కరుకి నాలుగేళ్ళు జైలు పడింది.

ఆ ముప్ఫై ఒక్కమందిలో మా అమ్మ ఉంది. అప్పుడు నాకు పదేళ్ళు, తూర్పు వైపు బడిలో ఉన్నాను. ఆ లస్కరు మా నాన్న. స్టూడియోలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొదటి టేకు. తొమ్మిదీ పది.

హైమావతి గారి పాత్ర మనిషి వెయ్యడు. ఆవిడ పోలిక వేస్తుంది. ఆవిడ డైరీలు, మీటింగుల రికార్డులు, ఫోన్లో మాట్లాడిన మాటలు, అన్నీ కలిపి చేసిన వెలుగు బొమ్మ అది. ఉప్పెన ముందు రోజు వరకూ ఉన్నవే వేశారు కాబట్టి దానికి ఇరవై తొమ్మిదేళ్ళే, తర్వాత జరిగినవేవీ తెలియవు. "దాచుకోవడానికి నా దగ్గర ఏముంది, అంతా తీసుకోండి" అని ఆవిడ సభలో చెప్పి మరీ ఇచ్చేసింది. అందరం చప్పట్లు కొట్టాం.

ఎవరి బొమ్మ చేత ఏ మాటైనా పలికించి ఊళ్ళు తగలబెట్టిన రోజులు పోయాక నోటిమాట చట్టం వచ్చింది. బతికున్న మనిషి పోలిక నోట్లో మాట పెట్టకూడదు. సందర్భం కల్పించాలి, అది ఏమంటే అది తీసుకోవాలి. నచ్చకపోతే వాన మార్చుకోవచ్చు, జనాన్ని మార్చుకోవచ్చు, ఎదుటి నటుడి మాటలు మార్చుకోవచ్చు. ప్రతి టేకూ పుస్తకంలో ఎక్కాలి. పుస్తకం దస్తావేజులకి చేరాక ఆ పోలిక గల మనిషికి ఒక్క రోజు గడువు. అభ్యంతరం చెప్పని టేకు చరిత్ర కింద లెక్క.

ఈ సీనులో ఆవిడ చెయ్యాల్సింది చాలా తక్కువ. లాకు మీదుగా ఆస్పత్రికి వెళ్తూ, లస్కరు వేషంలో ఉన్న డేవిడ్రాజుకి ఒక మాట ధైర్యం చెప్పి వెళ్ళిపోవాలి. ఆవిడ వెళ్ళాక అతను భయపడి షట్టరు దించాలి.

పోలిక లాకు మీదకి వచ్చింది. ఆగింది. నీళ్ళకేసి చూసింది.

"ధనకోటీ, షట్టరు దించెయ్" అంది.

డేవిడ్రాజు అవతలి గట్టుకేసి చూశాడు. "అమ్మా, అవతల జనం ఉన్నారండి" అన్నాడు, తనంతట తనే.

"తెలుసు. ఇవతల మూడు వేల మంది ఉన్నారు. దించెయ్."

డైరెక్టర్ కిరీటి కట్ చెప్పడం మర్చిపోయాడు.

ప్రమాణానికి పది రోజులు.

పొద్దున్నే డాబా మీద కరెంటు పలకలకి పట్టిన ఉప్పు తుడిచి, కూపన్ నీళ్ళు రెండు బిందెలు పట్టుకుని, ఏడున్నర పడవకి వచ్చాను. కిరీటి నాకన్నా ముందే వచ్చి, ఉప్పెన సెట్టు వేసిన నీళ్ళ ట్యాంకు చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

రెండో టేకులో వాన తగ్గించాడు. దించెయ్ అంది. మూడో టేకులో అవతల నుంచి పసిపిల్లల ఏడుపు వినిపించాడు. పోలిక కళ్ళు మూసుకుంది, కళ్ళు మూసుకునే దించెయ్ అంది. నాలుగో టేకులో ఆస్పత్రి తీసేశాడు. "ఆస్పత్రి ఏమైంది?" అని అడిగింది, సమాధానం కోసం ఆగలేదు, దించెయ్ అంది.

అయిదో టేకు ఉన్నదున్నట్టు రాస్తాను. షట్టరు సగం దిగాక పోలిక వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అంది: "ఎవరైనా అడిగితే నేను ఆస్పత్రి దగ్గరున్నానని చెప్పు."

ఆ అక్షరాలు పుస్తకంలో వంకరగా ఉన్నాయి, చూసుకోండి.

కోర్టులో మా నాన్న సరిగ్గా ఈ మాటే చెప్పాడు. "ఆస్పత్రి దగ్గరున్నానని చెప్పమందండి" అన్నాడు. అందరూ నవ్వారు. మా మేనత్త పక్కన కూచుని నేనూ విన్నాను, నేనూ నమ్మలేదు. పెళ్ళాన్ని ముంచిన మనిషి ఇంకొకరి మీదకి తోస్తున్నాడు అనుకున్నాను. ఆయన జైలు నుంచి వచ్చాక నెలకోసారి చూసి రావడం, అదీ మొక్కుబడిగా. తొమ్మిదేళ్ళుగా అదీ లేదు.

ప్రమాణానికి తొమ్మిది రోజులు.

కిరీటికి ఒక ఆలోచన వచ్చింది. డేవిడ్రాజు చక్రాన్ని బొమ్మ చక్రంలా తిప్పేస్తున్నాడట. అది ఎంత బరువో కనిపిస్తే పోలిక అంత తేలిగ్గా దించమనదట. చేత్తో తిప్పే షట్టర్లు ఇప్పుడెక్కడా లేవు, తిప్పడం తెలిసినవాళ్ళూ లేరు. ఒక్కడున్నాడు.

పది గంటలకి మనిషిని పంపి ఉప్పుమడుల నుంచి నాన్నని తీసుకొచ్చారు. బాగా చిక్కిపోయాడు. భుజాన తువ్వాలు, చేతులు మాత్రం అప్పటివే, పలకల్లాంటి చేతులు. నన్ను చూసి ఆగిపోయాడు.

"బాగున్నావా అమ్మా?" అన్నాడు.

అసలు సంఘటనలో ఉన్న మనిషి సెట్టుకొస్తే చట్టప్రకారం సాక్షే. "సాక్షి వచ్చిన సమయం పదీ అయిదు" అని రాసుకున్నాను, పైకి ఏమీ అనలేదు. ఇదీ నా సంస్కారం.

డేవిడ్రాజుకి చక్రం పట్టుకోవడం నేర్పాడు. "భుజంతో కాదు బాబూ, నడుంతో లాగాల. మూయడానికి నలబై రెండు చుట్లు. పదో చుట్టు కాడ బిగుస్తాది, అక్కడ ఊపిరి బిగబట్టకు" అని ఎంతో ఓపిగ్గా చెప్పాడు. డేవిడ్రాజు ఆయన్ని మాస్టారూ అని పిలవడం మొదలుపెట్టాడు.

ఆరో టేకుకి నాన్నని నా పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. పోలిక వెలిగింది. ఇరవై తొమ్మిదేళ్ళ హైమావతిని చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు, అలవాటు. "ధనకోటీ, షట్టరు దించెయ్" అన్న మాట వినపడగానే మెల్లగా కూర్చున్నాడు. భుజం మీద తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

భోజనాలప్పుడు నా డబ్బా తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. చౌడు బియ్యం అన్నం, చింతచిగురు పప్పు. సగం మూతలో తీసి ఆయనకి పెట్టాను.

"నేను నిన్ను నమ్మలేదు" అన్నాను.

"తెలుసమ్మా."

"ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా గట్టిగా ఎందుకు చెప్పలేదు?"

"చెప్పేను కదా. నువ్వు మొహం తిప్పుకున్నావు. మళ్ళీ మళ్ళీ చెప్తే ఉన్న ఆ కాస్త రావడం కూడా మానేత్తావని బయపడ్డాను."

నాకు ఏడుపొచ్చింది. పప్పులో కారం ఎక్కువైందన్నాను. ఆయన నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు.

ప్రమాణానికి ఎనిమిది రోజులు.

ఏడు నుంచి పదకొండు దాకా టేకులు ముందు పేజీల్లో ఉన్నాయి. సందర్భం అయిదు రకాలుగా మార్చారు, ఫలితం ఒక్కటే. పదకొండో టేకులో పడమటి వాడలో హైమావతి సొంత పెద్దమ్మ ఉందని కల్పించారు. పోలిక ఏడ్చింది. ఏడుస్తూనే దించమంది.

సాయంత్రం కిరీటి నన్ను పక్కకి పిలిచాడు.

"తాయారూ, ఈ పదకొండూ రిహార్సల్స్ అని రాసెయ్యి."

"రిహార్సల్ అయితే పోలికని వెలిగించకూడదండి. వెలిగిస్తే టేకే."

"నీకు నేను చట్టం చెప్పాలా? ఆవిడ వారంలో ప్రమాణం చేస్తుంది. ఈ పుస్తకం బయటికెళ్తే నేనుండను, నువ్వుండవు, ఈ స్టూడియో ఉండదు. ఎవరికోసం నీకీ పట్టుదల?"

"ఆ కుర్చీలో కూర్చున్నది మా నాన్న" అన్నాను.

కిరీటి మొహంలో నెత్తుటి చుక్క లేదు. కాసేపటికి గేటు దగ్గర నా పడవ పాసు తీసేసుకున్నారు. దస్తావేజుల పడవ ఎల్లుండి మధ్యాహ్నం వస్తుంది, అప్పటిదాకా ఎవరూ బయటికి వెళ్ళకూడదట. పుస్తకం నా సంచిలో ఉంది. సంచి నా ఒళ్ళో ఉంది. భయంగానే ఉంది, లేదని ఎందుకు రాయాలి.

ప్రమాణానికి ఏడు రోజులు.

పన్నెండు, పదమూడు టేకులు అవే. మధ్యాహ్నం మూడింటికి పద్నాలుగోది.

డేవిడ్రాజు ఈ రెండు రోజులూ నాన్నతోనే తిన్నాడు, ఆయన పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. చేతులు బొబ్బలెక్కాయి. పోలిక వచ్చి ఎప్పటిలాగే "ధనకోటీ, షట్టరు దించెయ్" అంది. డేవిడ్రాజు చక్రం మీద చేతులు వేశాడు. తీసేశాడు.

"నా వల్ల కాదండి. తిప్పను" అన్నాడు.

కాగితంలో లేని మాట. కిరీటి చెయ్యెత్తి అందర్నీ ఆగమన్నాడు.

పోలిక అతన్ని చూసింది. నా గడియారంలో పదకొండు సెకన్లు.

"తిప్పవా?"

"తిప్పనండి. అవతల మావాళ్ళున్నారు."

పోలిక భుజాలు దిగాయి.

"హమ్మయ్య" అంది.

అలాగే ఉన్న చోట మెట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం తుడుచుకుంది. తర్వాత లేచి, "సరే, అయితే ఆస్పత్రి వాళ్ళని మేడ మీదకి ఎక్కించాలి. నేను అటు వెళ్తున్నా, నువ్వు పడవలు చూసుకో" అని పరుగెత్తింది. ఆ రోజు కొలిచిన నీటి లెక్కలతోనే ట్యాంకు నడుస్తుంది. ఆస్పత్రిలో మోకాలి లోతు వచ్చింది. పడమటి పడవలన్నీ దాటాయి. చనిపోయినవాళ్ళు సున్నా అని ట్యాంకు పక్కన తెర మీద పడింది.

కిరీటి ఎగిరి గంతేశాడు. "ఇదే! ఇదే మన సీను! షట్టరు తెరిచే ఉంచింది, జనాన్ని కాపాడింది. మధ్యలో ఆ నాలుగు ముక్కలు కోసేసి, ఆవిడ వెళ్ళాక లస్కరు దించేది విడిగా తీస్తే సరిపోతుంది!"

నేను నాన్నని చూశాను. ఆయన తెర మీద ఆ సున్నాని చూస్తున్నాడు.

"ఒక్కమాటకేనా?" అన్నాడు.

నా వైపు తిరిగాడు.

"ఒక్కమాటకే ఆగిపోయేదా అమ్మా?"

ఆయన్ని బయటికి తీసుకెళ్ళి నీడలో కూర్చోబెట్టాను. చేతులు రెండూ ముందుకి చాపి చూపించాడు. "నలబై రెండు చుట్లమ్మా. పతీ చుట్టుకీ ఆవిడ ఆపమంటాదేమోనని మొహం కేసి చూశాను. ఆవిడేమో నేను ఆపుతానేమోనని చూసింది. అది నాకు తెలీలేదు. పెద్దోళ్ళు చెప్పేరు, మనకెందుకులే అనుకున్నాను. మీ అమ్మ అవతలుందని తెలిసీ తిప్పేను."

ఇంతవరకూ రాశాక ఒక సంగతి ఒప్పుకోవాలి. మూడూ పదికి నేను కలం కింద పెట్టేశాను. పదమూడు టేకులు మా నాన్నని నిర్దోషిని చేస్తాయి. పద్నాలుగోది మళ్ళీ ముంచుతుంది. కిరీటికి పద్నాలుగు ఒక్కటే కావాలి, నాకు పద్నాలుగు తప్ప అన్నీ కావాలి. ఇద్దరం దొంగలమే, సరుకు వేరు. పదిహేనేళ్ళుగా ఒక్క టేకూ వదలకుండా రాసినదాన్ని, ఆ గంటా ఇరవై నిమిషాలూ గడి ఖాళీగా ఉంచాను.

నాన్న వచ్చి పుస్తకం చూశాడు. ఆయనకి చదువు అంతంత మాత్రం, అంకెలు తెలుసు.

"పదమూడు తర్వాత ఏం లేదేంటి?"

"అక్కర్లేదు నాన్నా. అది డేవిడ్రాజు ఊరికే అన్నమాట. నువ్వు అనలేదుగా."

"అదే కదమ్మా. నేను అన్లేదు." పక్కన కూర్చున్నాడు. "పదమూడింటికి నన్ను నమ్మేవు. దీనిక్కూడా నమ్ము. రాయి."

నాలుగున్నరకి రాశాను. హమ్మయ్య అన్న మాటతో సహా.

ప్రమాణానికి ఆరు రోజులు.

దస్తావేజుల పడవ పన్నెండింటికి రేవులో ఆగింది. కిరీటి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు, వెనక ఇద్దరు కాపలావాళ్ళు. నాకు కుడి పక్క నాన్న, ఎడమ పక్క లస్కరు వేషం ఇంకా తియ్యని డేవిడ్రాజు.

"పుస్తకం ఇటివ్వు తాయారూ. శుభ్రంగా తిరగరాసి పంపిద్దాం."

"జరగండి సార్" అన్నాడు డేవిడ్రాజు. "నేను నటుణ్ణి, నాకు పోయేదేం లేదు. రేపు ఎక్కడ అడిగినా పద్నాలుగు టేకులూ నేనే చేసి చూపిస్తాను. ఒక్కోటీ నోటికొచ్చు."

కాపలావాళ్ళు కిరీటి మొహం చూశారు. కిరీటి నా మొహం చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకీ ఇల్లుంది, పిల్లలున్నారు. ఎవరైనా తనని కాదంటే బాగుండునని ఆయన కూడా ఎదురు చూస్తున్నాడేమో, నాకు తెలియదు. పక్కకి జరిగాడు.

పుస్తకాన్ని పడవలో గుమస్తా పేజీ పేజీ ఫోటో తీసుకుని, నా చేత వేలిముద్ర వేయించి, తిరిగి ఇచ్చేశాడు. గడువు రేపు పన్నెండు గంటలకి.

ప్రమాణానికి అయిదు రోజులు.

పొద్దుటి నుంచి ఎవరూ సరిగ్గా తినలేదు. అభ్యంతరం వస్తుందని అందరికీ తెలుసు. హైమావతి గారు పద్నాలుగు టేకులనీ కొట్టిపారేస్తుంది, అక్కడితో మా నాన్న మళ్ళీ ఉప్పుమడుల్లోకి, నేను ఇంటికి. కిరీటి రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాడు.

పదకొండున్నరకి ఆవిడ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కిరీటి తెరిచాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఒకటి నుంచి పదమూడు దాకా అభ్యంతరం లేదట" అన్నాడు. "ఒక్క పద్నాలుగుకే ఉంది."

కాగితం నేను లాక్కున్నాను. ఆవిడ సొంత దస్తూరీ.

"షట్టరు దించమన్నది నేనే. ధనకోటి గారు కోర్టులో చెప్పింది నిజం. కానీ పద్నాలుగో టేకు నిజం కాదు. ఆయన కాదన్నా నేను ఆగేదాన్ని కాదు. నేనే తిప్పి ఉండేదాన్ని. ఆ టేకు తీసెయ్యండి. ప్రమాణం సంగతి సభ ఎలా తేలిస్తే అలా."

నాన్నకి గట్టిగా చదివి వినిపించాను. చదువుతుంటే నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. పదమూడు ఉంటాయి, ఒక్కటి పోతుంది. నాకు కావలసింది అచ్చంగా అదే, నేను సిగ్గుపడి రాసినదాన్ని ఆవిడే తీసేసింది.

"అయిపోయింది నాన్నా. ఇంక నీ మీద ఏమీ లేదు."

ఆయన తలాడించలేదు. "అబద్ధమాడతంది" అన్నాడు.

"ఏమో, ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. ఆ రోజు ఆవిడ మొహం చూసినోణ్ణి నేనే. ఆ బొమ్మ అన్న మాటే నిజం. నేను కాదంటే ఆగిపోయేది." కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "ముసిలోడు పోయేముందు సుఖంగా పోనీ అని ఇచ్చిందేమో. లేకపోతే పెద్ద తప్పు ఒప్పుకోగలిగింది గానీ, ఒక లస్కరు మాటకి ఆగేదాన్నని ఒప్పుకోలేకపోయిందేమో. ఏదైనా గానీ. దీనికి ఎదురు చెప్పొచ్చా?"

చెప్పొచ్చు. పన్నెండులోగా సాక్షి ఎదురు చెప్పి పుస్తకంలో రాయిస్తే ఆ టేకు ఉంటుంది, విచారణ జరుగుతుంది, ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెడతారు. టీవీలో వస్తుంది. ముప్ఫై ఒక్కమంది తాలూకు వాళ్ళందరూ చూస్తారు. ఒక్కమాట అని ఉంటే మావాళ్ళు బతికేవాళ్ళని వాళ్ళకి తెలుస్తుంది.

ఇవన్నీ ఆయనకి చెప్పాను. చేతులు పట్టుకుని బతిమాలాను. "వదిలెయ్ నాన్నా. ఇచ్చింది పుచ్చుకో. నా కోసం."

"అప్పుడూ పైనోళ్ళు చెప్పింది పుచ్చుకున్నానమ్మా."

గడియారంలో పదకొండు యాభై రెండు. కిరీటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, డేవిడ్రాజు గోడకి చేరబడి నేల చూస్తున్నాడు. నేను కలం తీశాను.

"ఏమని రాయను?"

"ఒప్పుకోనని రాయి."

రాశాను. ఏడో లాకు లస్కరు ఓలేటి ధనకోటి ఒప్పుకోనన్నాడు అని రాశాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు.